కుక్క, సీసా, గడ్డం దాటి: టీనేజ్ పిల్లలకు ‘దేవదాసు’ నవల చెప్పే పద్ధతి

తొమ్మిది, పది తరగతుల పిల్లల్ని "దేవదాసు అంటే ఎవరు?" అని అడిగి చూడండి. నవల చదివినవాళ్ళు ఒక్కరూ ఉండకపోవచ్చు. అయినా చేతులన్నీ లేస్తాయి. మాసిన గడ్డం, భుజం మీద శాలువా, చేతిలో సీసా, పక్కన కుక్క. ప్రేమలో దెబ్బతిన్న ప్రతి స్నేహితుడికీ "దేవదాసు అయిపోయాడ్రా" అనే బిరుదు. శరత్‌చంద్ర ఛటోపాధ్యాయ 1917లో బెంగాలీలో అచ్చువేయించిన పుస్తకం పేరు తెలుగువాళ్ళ నోట మామూలు మాటగా మారిపోయింది. క్లాసిక్ నవలని సినిమా ద్వారా చెప్పాలనుకునే టీచరుకి ఇంతకన్నా మంచి మొదలు దొరకదు. ఎందుకంటే పిల్లలకి తెలుసనుకున్నదానికీ పుస్తకంలో ఉన్నదానికీ మధ్య చాలా దూరం ఉంది. పాఠం ఆ దూరంలోనే ఉంది.

ఇక్కడ చెప్పే పద్ధతి పది పీరియడ్లది. వారానికి రెండు చొప్పున అయిదు వారాలు. పీరియడ్ నలభై నిమిషాలు, క్లాసులో నలభై మంది అనుకుని లెక్క వేశాం.

ముందు ఒక మాట. సినిమా మొత్తం చూపించి ఆ తర్వాత పుస్తకం ఇస్తే పాఠం అక్కడితో ఆగిపోతుంది. 1953 తెలుగు ‘దేవదాసు’ దాదాపు మూడు గంటల సినిమా, అంటే నాలుగైదు పీరియడ్లు దానికే పోతాయి. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటి ఉంది. అక్కినేని ముఖం, సావిత్రి కళ్ళు ఒకసారి మనసులో పడ్డాక పిల్లవాడు తన దేవదాసుని తాను ఊహించుకోలేడు. పుస్తకం తెరిస్తే సినిమాలో లేని వాక్యాలన్నీ అడ్డంగా కనిపిస్తాయి. పుస్తకం పూర్తి చేస్తే సినిమా అనే బహుమతి పద్ధతి కూడా పనిచేయదు. అప్పుడు పుస్తకం శిక్ష అయి కూర్చుంటుంది. సినిమాని మూడు నాలుగు నిమిషాల ముక్కలుగా, అదే సన్నివేశాన్ని పుస్తకంలో చదివిన తర్వాతే చూపించాలి.

ఈ నవలే ఎందుకు? మొదటి కారణం పొడవు. పదహారు చిన్న అధ్యాయాలు, నెలలో పూర్తవుతుంది. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ గొప్ప నవలే, గూడవల్లి రామబ్రహ్మం 1938లో దాన్ని సినిమాగానూ తీశారు. కానీ అంత పెద్ద నవలని ఈ వయసు పిల్లలకి మొత్తంగా ఇస్తే మధ్యలోనే వదిలేస్తారు, ఎంచిన భాగాలే చెప్పాలి. విశ్వనాథ ‘ఏకవీర’కి 1969లో సినిమా వచ్చింది, కానీ ఆ భాషకి ఇంటర్ దాటాలి. రెండో కారణం, ‘దేవదాసు’ని పదేపదే తీశారు. తెలుగులో 1953లో వేదాంతం రాఘవయ్య, 1974లో విజయనిర్మల. హిందీలో 1955లో బిమల్ రాయ్, 2002లో సంజయ్ లీలా భన్సాలీ. ఒకే పేజీని నలుగురు నాలుగు రకాలుగా ఎలా చదివారో చూపించే వీలు మరో నవలకి ఇంతగా లేదు. 2009లో వచ్చిన హిందీ ‘దేవ్ డి’కి పెద్దలకు మాత్రమే అనే ‘ఎ’ సర్టిఫికెట్ ఉంది, బడిలో దాని జోలికి పోవద్దు. చూశామని పెద్ద పిల్లలు చెప్పినా ముక్క కూడా వేయకండి.

సామాను సంగతి. తెలుగులో అనువాదాలు ఒకటికి మించి ఉన్నాయి. అందరి చేతిలో ఒకే అనువాదం ఉండాలి, లేకపోతే "నలభయ్యో పేజీ తీయండి" అన్న దగ్గరే పది నిమిషాలు పోతాయి. ఇద్దరికి ఒక పుస్తకం చొప్పున ఇరవై కాపీలు చాలు. శరత్ 1938లో కన్నుమూశారు కాబట్టి మూలరచనకి కాపీరైట్ గడువు ముగిసింది. అనువాదానికి మాత్రం విడిగా హక్కు ఉంటుంది, పుస్తకం మొత్తం జిరాక్స్ తీసి పంచకండి. సినిమా విషయంలో 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ బడులకి వెసులుబాటు ఇస్తుంది: బడి కార్యక్రమంలో భాగంగా, చూసేవాళ్ళు విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రుల వరకే అయితే సినిమా ప్రదర్శించవచ్చు. ఊరందరినీ పిలిచి టికెట్టు పెడితే అది వర్తించదు.

క్లిప్పులు ముందురోజే సిద్ధం చేసుకోండి. ఏ నిమిషం, ఏ సెకను దగ్గర మొదలై ఎక్కడ ఆగాలో కాగితం మీద రాసుకోవాలి. క్లాసులో స్లైడర్ అటూ ఇటూ జరుపుతూ వెతికితే పిల్లలు వేరే సన్నివేశాలు చూసేసి వాటి గురించే మాట్లాడతారు. ఫోన్ హాట్‌స్పాట్‌ని నమ్ముకుంటే సన్నివేశం మధ్యలో చక్రం తిరుగుతూ ఉంటుంది, లేదా పార్వతి ఏడుస్తుండగా సబ్బు ప్రకటన వస్తుంది. డీవీడీ గానీ పెన్ డ్రైవ్ గానీ నయం. ప్రొజెక్టరుకన్నా స్పీకర్ ముఖ్యం. పాత సినిమా సౌండు సన్నగా ఉంటుంది, ల్యాప్‌టాప్‌లోంచి వస్తే చివరి బెంచీకి ఒక్క మాటా అందదు. కిటికీలకి నల్లగుడ్డ లేకపోతే మొదటి లేదా చివరి పీరియడ్ అడిగి తీసుకోండి. నలుపు తెలుపు బొమ్మ పగటి వెలుతురులో తెల్లకాగితంలా ఉంటుంది.

మొదటి పీరియడ్‌లో పుస్తకం పేరే ఎత్తకండి. ఒక్కొక్కరికీ అర ఠావు కాగితం ఇచ్చి దేవదాసు బొమ్మ గీయమనండి, ఎనిమిది నిమిషాలు. బొమ్మ రానివాళ్ళు వస్తువుల పేర్లు రాస్తే చాలు. తర్వాత బోర్డు మీద లెక్క వేయండి: కుక్క ఎందరు గీశారు, సీసా ఎందరు, గడ్డం ఎందరు. ‘జగమే మాయ’ పాట పల్లవి వినిపించండి. ఇవన్నీ ఎక్కడినుంచి తెలిశాయని అడిగితే కామెడీ సీన్లు, తాతయ్య అనుకరణలు, వాట్సాప్ స్టిక్కర్లు బయటికి వస్తాయి. ఆ బొమ్మలు తీసి బీరువాలో పెట్టండి, చివరి రోజు కావాలి. వెళ్ళేముందు ఒక్క మాట చెప్పండి: "నవలలో ఆ కుక్క లేదు. ఇంకా ఏమేం లేవో వెతుకుదాం." కుక్క లేదన్న మాటకి వాళ్ళు ఉలిక్కిపడతారు. పుస్తకం తెరిపించేది ఆ ఉలికిపాటే.

రెండో పీరియడ్ అంతా టీచరే పైకి చదవాలి. నవల మొదలయ్యేది మందుకొట్టులో కాదు, ఎండాకాలం మధ్యాహ్నం పల్లెటూరి బడిలో. దేవదాసు పలక పట్టుకుని విసుగ్గా కూర్చుని ఉంటాడు. క్లాసు లీడరు భోలా పక్కనే సున్నం కుప్ప. కాసేపట్లో భోలా ఆ సున్నంలో పడి తెల్లటి భూతంలా లేస్తాడు, పార్వతి చప్పట్లు కొట్టి నేలమీద పడి దొర్లుతూ నవ్వుతుంది. అక్కడ మన పిల్లలూ నవ్వుతారు. దేవదాసు తమలాంటివాడేనని ఆ నవ్వుతోనే తెలుస్తుంది. తోటలో దాక్కుని హుక్కా పీల్చే ఆ పిల్లవాడికి పార్వతి కొంగులో మరమరాలు మూటకట్టి తీసుకెళ్తుంది. ఈ బాల్యాన్ని సినిమాలు ఒక పాటలోనో పది నిమిషాల్లోనో దాటించేస్తాయి. శరత్ తొలి అధ్యాయాలన్నీ దానికే ఇచ్చాడు. ఎందుకు ఇచ్చాడన్నది మొదటి ఇంటిపని.

మూడో పీరియడ్‌కి మూడు రూపాయల సంగతి తీసుకోండి. దేవదాసు దాచమని ఇచ్చిన మూడు రూపాయల్ని పార్వతి పాటలు పాడుతూ వచ్చిన ముగ్గురు వైష్ణవ స్త్రీలకి ఇచ్చేస్తుంది. మూడూ ఎందుకిచ్చావు, నేనైతే రెండే ఇచ్చేవాణ్ణంటాడు దేవదాసు. రెండు రూపాయల్ని ముగ్గురు ఎలా పంచుకుంటారన్నది పార్వతి బాధ. అతను అణాల్లోకి దించి ఒక్కొక్కరి వాటా లెక్కగట్టి చెబుతాడు, వాళ్ళకి నీలా లెక్కలొచ్చా అంటుంది ఆమె, అతను పొంగిపోతాడు. అరపేజీ కూడా ఉండదు. కానీ ఇద్దరి స్వభావాలూ అందులో ఉన్నాయి: చేతిలో ఉన్నదంతా ఇచ్చేసే పిల్ల, లెక్క చూసుకుని పొగడ్తకి లొంగే పిల్లవాడు. నలుగురు నలుగురు చొప్పున పది గుంపులు చేసి, ఈ అరపేజీని ఆరు షాట్లుగా విడగొట్టమనండి. ప్రతి షాట్‌కీ మూడు సంగతులు రాయాలి: కెమెరా ఎవరి మీద, ఎంత దగ్గరగా, ఏం వినిపిస్తుంది. నియమం ఒక్కటే. కంటికి కనిపించనిది, చెవికి వినిపించనిది రాయకూడదు. "దేవదాసు గర్వపడ్డాడు" అని రాస్తే కొట్టేయండి. ఆ గర్వం ముఖంలో కనిపించాలా, కాలు ఊపడంలో కనిపించాలా? అలా ఆలోచించినప్పుడు రచయిత ఒక్క వాక్యంలో చేసిన పని ఎంతో పిల్లలకి తెలిసొస్తుంది.

నాలుగో పీరియడ్ పెళ్ళి కాదనడం. పిల్లల ఊహ "డబ్బున్నవాళ్ళు, లేనివాళ్ళు" అనే ఉంటుంది, ఎందుకంటే వాళ్ళు చూసిన ప్రేమకథలన్నీ అవే. నవలలో ముఖర్జీల, అంటే దేవదాసు ఇంటివాళ్ళ, అభ్యంతరం వేరు. పార్వతి పుట్టిన చక్రవర్తి ఇంటివాళ్ళది ఆడపిల్లకి డబ్బు పుచ్చుకునే వంశం, పైగా గోడకి గోడ ఆనుకున్న ఇల్లు వియ్యానికి తగదు. ఆడపిల్లకి డబ్బు పుచ్చుకోవడం అనగానే తెలుగువాడికి గురజాడ గుర్తుకు రావాలి. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ నాటకం ఇక్కడి ఆచారాన్నే నిలదీసింది. రెండు భాషల రచయితలు ఒకే ఆచారాన్ని రెండు వైపులనుంచి తాకారు, అయిదు నిమిషాలు ఆగి చెప్పడం బాగుంటుంది. మీరు చూపే సినిమాలో ఈ కారణం ఎంత మిగిలిందో, ఎంత డబ్బు గొడవగా మారిందో పిల్లల్నే కనిపెట్టనివ్వండి.

అర్ధరాత్రి పార్వతి అతని గదికి ఒంటరిగా వెళ్ళే ఘట్టం కూడా ఈ పీరియడ్‌లోనే. చదివాక క్లిప్పు. దాన్ని మూడుసార్లు వేయాలి. మొదటిసారి సౌండు లేకుండా: ఎవరు నిలబడ్డారు, ఎవరు కూర్చున్నారు, వెలుతురు ఎవరి మీద పడింది? రెండోసారి తెరకి గుడ్డ కప్పి సౌండు మాత్రమే: సంగీతం ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది? మూడోసారి రెండూ. నాలుగు నిమిషాల ముక్క మూడుసార్లు వేస్తే పన్నెండు నిమిషాలు, మాట్లాడుకోవడానికి పదిహేను మిగులుతాయి. మూడుసార్లెందుకని కొందరు గొణుగుతారు. ఒక్కసారే చూసినవాళ్ళు కథ చెబుతారు, మూడుసార్లు చూసినవాళ్ళు సినిమా ఎలా చెప్పిందో చెబుతారు. ఆ తేడా వాళ్ళ నోట్సులోనే కనిపిస్తుంది.

అడిగే ప్రశ్న సరిగా లేకపోతే ఇదంతా దండగ. "పుస్తకం బాగుందా, సినిమా బాగుందా?" అని అడగొద్దు. ఒక్క మాటలో జవాబొస్తుంది, సంభాషణ చచ్చిపోతుంది. "సినిమా ఇక్కడ ఏం తీసేసింది? తీసేయడం వల్ల మన జాలి ఎవరి మీదికి మళ్ళింది?" అని అడగండి. ప్రతి జవాబుకీ పేజీ నంబరు ఉండాలి. పేజీ నంబరు లేని అభిప్రాయాన్ని బోర్డు మీద రాయకండి. మొదటి వారం విసుక్కుంటారు, మూడో వారానికి ఒకరినొకరు "పేజీ ఎంత?" అని నిలదీస్తారు.

అయిదో పీరియడ్ ఉత్తరానిది. ఈ పది పీరియడ్లలో పిల్లలు అందరికన్నా ఎక్కువగా లోపలికి వచ్చేది ఇక్కడే. దేవదాసు కలకత్తా వెళ్ళి పార్వతికి ఉత్తరం రాస్తాడు: తల్లిదండ్రుల మనసు కష్టపెట్టలేను, నన్ను మరిచిపో అన్న ధోరణిలో. పోస్టు చేశాక మనసు పీకుతుంది. కానీ ఉత్తరం వెళ్ళిపోయింది. ఆ ఉత్తరాన్ని వాట్సాప్ మెసేజ్‌గా రాయించండి, నలభై మాటలు మించకుండా. తర్వాత ప్రశ్న: "డిలీట్ ఫర్ ఎవ్రీవన్ ఉంటే కథ ఏమయ్యేది?" మొదట ఉత్సాహంగా "హ్యాపీ ఎండింగ్" అంటారు. ఆగండి. "మెసేజ్ తీసేశాడు సరే, రాసిన మనసుని తీసేశాడా? ఆమె బ్లూ టిక్ చూసి ఊరుకుంటుందా?" అని తరచి అడిగితే దేవదాసు సమస్య పోస్టాఫీసు కాదని, నిర్ణయం తీసుకోవాల్సిన రాత్రి తీసుకోలేకపోవడమని వాళ్ళే పట్టుకుంటారు. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటి ఉంది. చాట్ స్క్రీన్‌షాట్లు తయారుచేయడంలో పడి ఎమోజీలకే పీరియడ్ అయిపోతుంది. ఫోన్లొద్దు, కాగితం మీదే రాయించండి. మీమ్‌లు చేస్తామంటే చేయనివ్వండి, కింద పేజీ నంబరు, ఆ పేజీలోని ఒక మాట ఉండాలన్న షరతు మీద. షరతు లేకపోతే తాగుబోతు జోకులే వస్తాయి.

ఆరో పీరియడ్‌కి మిగతావాటికన్నా ఎక్కువగా సిద్ధపడి వెళ్ళండి. చెరువుగట్టు దగ్గర దేవదాసు తిరిగొచ్చి పెళ్ళి మాటెత్తుతాడు. పార్వతి ఒప్పుకోదు. గర్వం నీ ఒక్కడికేనా, నాకూ తల్లిదండ్రులు లేరా అంటుంది. అతను గాలపు కర్ర ఎత్తి ఆమె నుదుటి మీద కొడతాడు, రక్తం కారుతుంది. చంద్రుడికీ మచ్చ ఉందన్న మాట ఇక్కడిదే. 2002 సినిమాలో ఆ దెబ్బ పెళ్ళినాటి నగతో, మెరిసే వెలుతురులో పడుతుంది. ఈ చోట కొందరు అబ్బాయిలు ఈల వేయొచ్చు. ‘మాస్ సీన్’లకి అలవాటుపడిన చెవులవి, కోప్పడితే లాభం లేదు. క్లిప్పుకన్నా ముందే పేజీ చదివించి, బోర్డు మీద మూడు ప్రశ్నలు రాసి ఉంచండి. దెబ్బకి ముందు చివరి మాట ఎవరిది? గాయం గురించి ఇంట్లో ఆమె ఏం చెప్పింది? సంగీతం లేకుండా ఇదే సన్నివేశం చూస్తే ఎలా ఉంటుంది? మూడో ప్రశ్న కోసం సౌండు తీసేసి వేయండి. వయొలిన్లు ఆగిపోయాక తెరమీద మిగిలేది ఒక మగవాడు ఒక ఆడపిల్లని కొట్టడం. ఇది ప్రేమ గుర్తు కాదని టీచరు నోటితో స్పష్టంగా చెప్పాలి. పిల్లలే గ్రహిస్తారులే అని వదిలేసే చోటు కాదు.

ఈ నవల తాగుడు గురించి కూడా. నలభై మందిలో ఇంట్లో తాగే తండ్రి ఉన్నవాళ్ళు ఉండొచ్చు. "మీ ఇంట్లో ఎవరైనా..." అని ఎప్పుడూ మొదలుపెట్టకండి. ప్రశ్నలన్నీ దేవదాసు గురించే ఉండాలి. ఎవరైనా మౌనంగా ఉంటే కదిలించకండి, రాతపనిలో వేరే అధ్యాయం ఎంచుకునే వీలు అందరికీ ఉంచండి. చంద్రముఖి విషయం తల్లిదండ్రులకి ముందే రెండు వాక్యాల నోటు పంపితే మంచిది. ఆమె వేశ్యావృత్తిలో ఉన్న స్త్రీ అని క్లాసులో ఒక్కసారి మామూలు గొంతుతో చెప్పి ముందుకి సాగండి. ‘డ్యాన్సర్’ అని దాస్తే గుసగుసలు పెరుగుతాయి.

చంద్రముఖికి రెండు పీరియడ్లు ఇవ్వొచ్చు, ఏడూ ఎనిమిదీ. ఆమె వృత్తి వదిలి పల్లెకి వెళ్ళిపోవడం, మళ్ళీ కలకత్తా వచ్చి రోడ్డుపక్క పడి ఉన్న దేవదాసుని వెతికి తెచ్చి సేవ చేయడం చదివాక ఈ పోలిక పెట్టండి. నవలలో పార్వతి, చంద్రముఖి ఒకరినొకరు చూడనే చూడరు. బిమల్ రాయ్ 1955లో ఇద్దరినీ దారిలో ఎదురుపరిచి మాట లేకుండా పంపేశాడు. భన్సాలీ ఇద్దరిచేతా కలిసి నాట్యం చేయించాడు. బిమల్ రాయ్ సినిమాలో చంద్రముఖిగా నటించిన వైజయంతిమాల తనకి వచ్చిన సహాయనటి ఫిల్మ్‌ఫేర్ అవార్డుని తీసుకోలేదు, తన పాత్ర పార్వతికి తక్కువది కాదని. ఈ ఒక్క సంగతి చెప్పి "నవలలో ఎవరిది పెద్ద పాత్ర? పేజీలతో చెప్పండి" అని రెండు జట్లు కట్టండి. వాదన వేడెక్కుతుంది, వేడెక్కనివ్వండి.

తొమ్మిదో పీరియడ్ ముగింపు. పాండువా స్టేషన్లో రైలు దిగి, ఎద్దుబండిలో హాతీపోతా చేరి, పార్వతి అత్తింటి ముందు చెట్టు కింద దేవదాసు చనిపోతాడు. భన్సాలీ సినిమాలో పార్వతి పరిగెత్తుకొస్తుంది, పెద్ద తలుపులు మూసుకుంటాయి, అతను ఆఖరిచూపులో ఆమెని చూస్తాడు. నవలలో ఆ చూపు లేదు. బయట ఉన్నది ఎవరో ఆమెకి తెలిసేసరికే అతని శరీరాన్ని తీసుకెళ్ళిపోయారు. ముందు పేజీ, తర్వాత క్లిప్పు, తర్వాత మళ్ళీ పేజీ. ఈ ఒక్కచోట పేజీతోనే ఆపాలి. చివరి పేరాలో శరత్ దేవదాసుని దురదృష్టవంతుడు, నిగ్రహం లేనివాడు, పాపి అని తానే అంటాడు, అని అతని కోసం ప్రార్థించమని పాఠకుణ్ణి అడుగుతాడు. ‘జగమే మాయ’ పాట తప్పుని లోకం మీదికి నెడుతుంది, శరత్ నెట్టడు. ఈ తేడా పదిహేనేళ్ళ పిల్లలకి అర్థమవుతుంది. కంగారుపడి వివరించకండి, ఆ పేరా రెండుసార్లు చదివి రెండు నిమిషాలు ఊరుకోండి.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో వారాంతపు తెలుగు బడి నడిపేవాళ్ళకి చిన్న మార్పు. పిల్లలకి తెలుగు వినడం వచ్చు, చదవడం కష్టం. అధ్యాయాలన్నీ పెద్దవాళ్ళు చదివి ఫోన్లో రికార్డు చేసి పంపాలి, తరగతిలో అరపేజీ మాత్రమే కలిసి చదవాలి. క్లిప్పుకి ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ తీసేయండి. ఉంటే కళ్ళు అక్కడే ఉంటాయి, చెవులు మూసుకుపోతాయి.

పదో పీరియడ్‌లో మొదటిరోజు బొమ్మలు వెనక్కి ఇచ్చేయండి. అదే కాగితం మీద ఎర్ర పెన్నుతో దిద్దుకోవాలి: నవలలో లేనివి కొట్టేయాలి, ఉన్నవి చేర్చాలి, చేర్చిన ప్రతిదాని పక్కనా పేజీ నంబరు. కుక్క పోయి మరమరాల మూట వస్తుంది, సీసా పక్కన పలక చేరుతుంది. వెనకవైపు ఒక పేజీ వ్యాసం: సినిమా మార్చిన ఒక్క సన్నివేశం, ఆ మార్పువల్ల పోయింది ఏమిటి, వచ్చింది ఏమిటి. ఇరవై మార్కులైతే పేజీ ఆధారానికి ఎనిమిది, మార్పుని పట్టుకోవడానికి ఏడు, సొంత మాటకి అయిదు. బొమ్మ అందానికి మార్కుల్లేవని ముందే చెప్పండి, లేకపోతే బొమ్మలు బాగా వేసేవాళ్ళే పీరియడ్ అంతా షేడింగ్ ఇస్తూ కూర్చుంటారు.